చేప మోసిన గండము

పండుగ సమీపించినంతనే ఇల్లంతయు కడిగి, సున్నము వేసి, గుమ్మములకు తోరణములు కట్టుట మనవారికి ఆచారము. ఇటీవలి కాలమున ఈ పరిశుభ్రతాయజ్ఞమున హాలులోని అక్వేరియము కూడ ఒక ఆహుతి యగుచున్నది. చేపలను ఒక బకెట్టులోనికి తీసి, పాతనీటినంతయు పారబోసి, గులకరాళ్లను తెల్లబడువరకు తోమి, ఫిల్టరులోని స్పాంజిని కుళాయిక్రింద పిండి, అద్దములను సబ్బుతో రుద్ది, క్రొత్తనీటిని నింపి, ఇంటివారు తృప్తులగుదురు. మరునాటికో మూడవనాటికో ఆ చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి తపించుటయు, రెక్కలు ముడుచుకొని ఒక మూలకు చేరుటయు, తుదకు వెల్లకిల తేలుటయు సంభవించును. అంతట ఇంటిలోని పెద్దలు ఒక నిర్ణయమునకు వత్తురు: మన యింటికి రానున్న గండమును ఆ మూగజీవము తనపై వేసికొని పోయినది! దుఃఖింపవలసినచోట ఊరట కలుగును. మిగిలిన చేపలకు దిష్టి పోవుటకై నిమ్మకాయ త్రిప్పి, అద్దమునకు పసుపుకుంకుమలు పెట్టి, మృతిచెందిన దాని స్థానమున మరియొకదానిని కొని తెత్తురు.

ఈ విశ్వాసము మన పూర్వులనాటిదని భ్రమించువారు కలరు. ఇంటిలో చేపల తొట్టి ఈశాన్యముననో ఉత్తరముననో ఉండవలెననియు, అందు ఎనిమిది బంగారుచేపలును, చెడును పీల్చుకొనుటకు ఒక నల్లచేపయు ఉండవలెననియు నేటి వాస్తుపండితులు విధించుచున్నారు. కాని ఈ లెక్క చీనాదేశపు ఫెంగ్‌షుయ్ నుండి దిగుమతియైన సరకు. ఇక గాజుతొట్టియందు చేపలను చిరకాలము బ్రతికించు పద్ధతియో, 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు లోకమునకు వెల్లడించినది. 1853లో లండను జంతుప్రదర్శనశాల చేపల గృహమును తెరచెను. మరుసటి సంవత్సరమున ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథముతో అక్వేరియమను పేరు వ్యాపించెను. అదృష్టము తెచ్చునని తలపై బొడిపెను చూచి వేలరూపాయలు పోసి కొను ఫ్లవర్‌హార్న్ చేప, 1990ల నాటి మలేషియాలో మనుష్యులు సంకరముచేసి పుట్టించిన జాతి. పుట్టని చేపకును, లేని తొట్టికిని ఋషులు దిక్కు నిర్ణయించిరనుట వారికి గౌరవము కాజాలదు. యజమాని ప్రాణమునకు తన ప్రాణమడ్డువేయునని ప్రసిద్ధికెక్కిన ఆసియా ఆరోవానా చరిత్ర మరింత విచిత్రము: నశించు జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారమును అరికట్టు ఒడంబడికయందు అది 1975లోనే మొదటి జాబితా కెక్కినది. తన జాతికి పట్టిన గండమునే తప్పించుకొనలేని చేప పరుల గండములను తప్పించునని మనము నమ్ముచున్నాము.

తర్కదృష్టితో చూచినచో ఈ నమ్మకమునకు ఓటమి యనునది లేదు. చేప బ్రతికినచో అదృష్టము తెచ్చినది; చచ్చినచో దురదృష్టమును తీసికొనిపోయినది. ఏది జరిగినను తననే సమర్థించు వాదము నిజమునకు దేనిని గూర్చియు ఏమియు చెప్పుట లేదు. కాకి వ్రాలుటకును తాటిపండు రాలుటకును పొత్తు కలిపి చెప్పుటను మన పండితులు కాకతాళీయన్యాయమని ఏనాడో అధిక్షేపించిరి. ఇచట తాటిపండు రాలనే లేదు, రాలవలసినది రాలలేదనుటయే రుజువగుచున్నది! చేపమరణమే గండమును తొలగించునదైనచో, ప్రతిదినము చచ్చిన చేపలను ఏరి పారవేయు చేపల దుకాణదారు లోకములోకెల్ల భాగ్యవంతుడు కావలెను. ఎవరి కర్మఫలమును వారే అనుభవింపవలెనని బోధించు మతమును నమ్మువారు, తమ కర్మమును ఒక జలచరము అనుభవించెనని సంతసించుట వారి మతమునకే విరుద్ధము.

నిజమైన కారణము ఆ తొట్టిలోనే కలదు. చేప మొప్పలద్వారా ఎడతెగక అమోనియాను విసర్జించును. మిగిలిన మేతయు మలమును కుళ్లి అదే విషమును పెంచును. అయినను పాతతొట్టిలో చేపలు బ్రతుకుటకు హేతువు, గులకరాళ్లపైనను స్పాంజిలోను జిగురుపొరయై పెరిగిన సూక్ష్మజీవులు. వానిలో కొన్ని అమోనియాను నైట్రైటుగాను, కొన్ని ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చుచుండును. ఇట్టి సూక్ష్మజీవులను సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతముననే వేరుపరచి చూపెను. మనము మురికియని తోమివేసినది ఆ పొరనే. అది మరల కుదురుకొనుటకు నాలుగైదు వారములు పట్టవచ్చును. ఈలోపల నైట్రైటు చేప రక్తమున ప్రవేశించి దానిని గోధుమవర్ణమునకు త్రిప్పి, ప్రాణవాయువును మోయు శక్తిని హరించును. అందుచేతనే గాలిబుడగలు ఎన్ని వచ్చుచున్నను చేప ఉక్కిరిబిక్కిరి యగును. దీనికి తోడు కుళాయినీటియందు లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనను క్లోరిను మిగిలియుండవలెనని మన తాగునీటి ప్రమాణము. మనలను అంటురోగములనుండి కాపాడు ఆ క్లోరినే చేపల మొప్పలను దహించును. బోరునీరు క్షారగుణము కలదైనచో, పాతనీటిలో అంతగా బాధింపని అమోనియమును అది తీవ్రవిషమైన అమోనియాగా మార్చును. వీనిలో ఏ ఒక్కదానికిని పొరుగువారి కంటితో సంబంధము లేదు.

కారణము తెలిసినచో చికిత్స సులభము. చేప తపించుట కానవచ్చినంతనే తొట్టినీటిలో నాలుగవ వంతును తీసి, క్లోరిను పోగొట్టిన సమోష్ణజలమును మెల్లగా పోయవలెను. క్లోరినుకు విరుగుడుగా అక్వేరియము దుకాణములందు హైపో స్ఫటికములు దొరకును. గాలిమోటారును ఆపరాదు, ఒకటి రెండు దినములు మేత వేయరాదు. లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పును కరగించి పోసినచో, అందలి క్లోరైడు నైట్రైటును మొప్పలలో చొరనీయక అడ్డుకొనును. కొన్ని దినములకు ఒంటిపై ఉప్పుకణములవంటి తెల్లని చుక్కలు కానవచ్చినచో అది దిష్టి కాదు, నీరసించిన చేపను పట్టిన పరాన్నజీవి. మందు నీటిలో ఈదులాడు పిల్లజీవులను మాత్రమే చంపగలదు గనుక, చుక్కలు మాయమైన పిమ్మటను కొన్నాళ్లు చికిత్స సాగింపవలెను.

ఎవరికిని హానిచేయని నమ్మకమును ఖండించుట ఏలయని కొందరు ఆక్షేపింతురు. హాని కలదు. నిమ్మకాయ త్రిప్పుచు గడపిన ఆ రెండు దినములే చేపను బ్రతికింపదగిన దినములు. గండము పోయెనను ఊరటయే, ఏమి తప్పు జరిగెనను ప్రశ్న నోరు నొక్కుచున్నది. మరుసటి పండుగకు అదే స్పాంజి అదే కుళాయిక్రింద పిండబడుచున్నది. హంతకుని లబ్ధిదారునిగా మార్చు విశ్వాసము నిరపాయకరము కానేరదు. కనుక చేపలను పెంచు గృహస్థులకు మా మనవి యొక్కటే: తొట్టినీటిని ఎన్నడును పూర్తిగా మార్చకుడు, ఫిల్టరు స్పాంజిని తీసిన పాతనీటిలోనే పిండుడు, సబ్బును దరిజేరనీయకుడు, అయినను ఒక చేప మరణించినచో, పంచాంగమును విప్పుటకు ముందు ఆ నీటిని పరీక్షింపుడు.