గుగ్గిళ్ళ గంపకు చోటు లేదా?



ఈ మధ్య ఏ పత్రిక విప్పినా "ఆరోగ్యకరమైన చిరుతిళ్ళు" అన్న శీర్షిక ఒకటి తప్పక కంటబడుతున్నది. బాదంపప్పు రాత్రి నానబెట్టండి, అక్రోటు రెండు కొరకండి, ఓట్సు ఉడికించండి అంటూ పది సలహాలు. చివర ఒక వాక్యం: తల్లులు కొంచెం శ్రద్ధ వహిస్తే పిల్లలు పొట్లాల జోలికి పోరు. ఆ పది సలహాలతో నాకు పేచీ లేదు. మా మార్కాపురం సంతలో అక్రోటు దొరకదన్నది చిన్న సంగతి. నా పోట్లాట ఆ చివరి వాక్యంతోనే.

ఏ తల్లి శ్రద్ధ వహించాలి? తెల్లవారి ఏడు గంటలకు అన్నం సద్ది కట్టుకొని పలకల కార్ఖానాకు పోయే తల్లా? మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయి, బిడ్డను అవ్వ దగ్గర విడిచిన తల్లా? ఆమె చేయగలిగింది ఒక్కటే, బయలుదేరే ముందు బిడ్డ అరచేతిలో ఐదు రూపాయల బిళ్ళ పెట్టడం. ఆ బిళ్ళకు బడి ముందర ఏమి దొరుకుతుందో నిర్ణయించేది తల్లి కాదు. అంగడి ముందు తోరణంలాగా వేలాడే పొట్లాల దండ.

వృత్తిరీత్యా తెలుగు పండితుణ్ణి గనుక మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. చిరుతిండి అన్న సమాసంలో చిరు అనేది పరిమాణాన్ని చెబుతుందే గాని విలువను కాదు. ఫలాహారం అన్నది సాధురూపం. నోళ్ళలో నలిగి ఫలహారం అయినా అందులో పండు ఉన్నది, ఆహారమూ ఉన్నది. అంటే మన పెద్దల దృష్టిలో రెండు భోజనాల నడుమ తినేది కూడా తిండే. తిండి కానిదాన్ని తినడానికి వారు ప్రత్యేకంగా పేరు పెట్టలేదు. నిన్నమొన్నటిదాకా మనకు ఆ అవసరం రాలేదు.

లెక్క వేసి చూద్దాం. ఐదు రూపాయల పొట్లంలో చాలావాటికి ఇరవై గ్రాముల సరుకు కూడా ఉండదు, తక్కినది గాలి. పదిహేను గ్రాముల ఆలుగడ్డ చిప్సులో మాంసకృత్తులు గ్రాము, నూనె ఐదు గ్రాములు, ఆ పైన ఉప్పు. అదే ఐదు రూపాయలకు, కిలో నూరు రూపాయలనుకుంటే, యాభై గ్రాముల శనగలు వస్తాయి. వాటిలో మాంసకృత్తులు సుమారు పది గ్రాములు. శనక్కాయ గింజలు కిలో నూట యాభై అనుకుంటే ముప్పై గ్రాములకు తక్కువ రావు, మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు. అమ్మే మనిషి కట్టెలకు, కష్టానికి సగం తీసివేయండి. అప్పటికీ పొట్లం కంటే మూడు నాలుగింతలు మిగులుతుంది. ఈ గింజలు అమెరికా నుంచి రావు. ప్రకాశం జిల్లా శనగకు పేరుమోసినది. శనక్కాయ, కంది, సజ్జ, కొర్ర మా పడమటి మెట్ట పొలాల పంటలు.

ఇక నా సొంత నేరం చెప్పాలి. లేకపోతే ఈ టపా వ్రాసే అర్హత నాకు లేదు.

ఈ ప్రాంతపు ఒక ఉన్నత పాఠశాలలో నేను పనిచేస్తున్న కాలంలో, 1990ల చివర, గేటు పక్కన వేపచెట్టు కింద ఒక అవ్వ గంప దించుకొని కూర్చునేది. ఒకనాడు శనగ గుగ్గిళ్ళు, ఒకనాడు అలసంద గుగ్గిళ్ళు, కార్తీకంలో ఉడకబెట్టిన కందికాయలు, చలికాలం రేగుపళ్ళు. గిద్దతో కొలిచి, కాగితం పొట్లంలో పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, అడిగిన వాడికి నిమ్మచెక్క పిండేది. డబ్బు లేని పిల్లవాడికి రేపు ఇద్దువులే అని పోసేది. ఆ రేపు ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకే తెలియాలి.

ఉపాధ్యాయుల సమావేశంలో శుభ్రత ప్రస్తావన వచ్చింది. ఈగలు వాలుతున్నాయి, పిల్లలు కాగితాలు పారవేస్తున్నారు, పట్టణంలోని ప్రైవేటు బడుల ముందు ఇటువంటి దృశ్యం లేదు. తీర్మానం వ్రాసే పని భాష తెలిసినవాణ్ణని నాకు అప్పగించారు. "విద్యార్థుల ఆరోగ్య పరిరక్షణార్థం ప్రాంగణ ద్వారమున అనారోగ్యకర తినుబండారముల విక్రయము నిషేధించడమైనది" అని చక్కని వాక్యం వ్రాశాను. చదివి వినిపించడానికి గేటు దగ్గరకు వెళ్ళిందీ నేనే. అవ్వకు ఆ వాక్యం అర్థం కాలేదు. అర్థం చెప్పాక ఒకటే అడిగింది.

"నా గుగ్గిళ్ళు తిని ఏ బిడ్డకన్నా కడుపు నొచ్చిందా అయ్యోరా?"

నొవ్వలేదు. ఆ మాట నేను అనలేదు. గంప ఎత్తుకోవడానికి చేయి సాయం పట్టాను, అదొక పుణ్యకార్యం అయినట్లు. ఏడాది తిరగకుండా అదే వేపచెట్టు ఎదుట ఒక బంకు వెలసింది. పొట్లాల మీద ఈగలు వాలవు గనుక శుభ్రత ప్రస్తావన మళ్ళీ ఏ సమావేశంలోనూ రాలేదు.

మార్కాపురం పలకల ఊరు. నా బడులలో బలపం కొరికే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. దొంగతనంగా నమిలి మింగేవారు, ముఖ్యంగా ఆడపిల్లలు. వేళ్ళ మీద బెత్తంతో కొట్టి అది దురలవాటు అని బోధించాను. సుద్ద, మట్టి, బలపం తినాలనే తహతహకూ రక్తహీనతకూ సంబంధం ఉన్నదని, ఇనుము చాలని ఒళ్ళు అట్లా అడుగుతుందని, ఉద్యోగ విరమణకు కొంచెం ముందు ఒక వైద్యుడు చెప్పగా విన్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి అరవైముగ్గురికి, పదిహేను నుండి నలభైతొమ్మిదేళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు యాభైతొమ్మిది మందికి రక్తహీనత ఉన్నది. గుగ్గిళ్ళలో ఇనుము ఉన్నది. దాని మీద అవ్వ పిండిన నిమ్మచెక్క ఆ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. శాస్త్రం ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. కాని ఆమె నిమ్మకాయ పిండింది, నేను బెత్తం పట్టాను.

మా నీళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కనిగిరి, పొదిలి మొదలు మార్కాపురం వైపు దాకా ఎన్నో ఊళ్ళలో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. కాల్షియం చాలని బిడ్డ ఎముకను ఆ విషం మరింత పీడిస్తుంది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే పాలిషు బియ్యంలో పదికి అటూ ఇటూ. నువ్వులలో రాగుల కంటే ఎక్కువ. నువ్వుల ఉండ, రాగి సంగటి ముద్ద, తొలి ఏకాదశి నాటి పేలపిండి మాకు పండుగ ముచ్చట్లు మాత్రమే కావని నా మనవి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2020లో బడి భోజనంలో శనక్కాయ చిక్కీ చేరింది. 2023 మార్చిలో రాగిజావ వచ్చింది. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన తల్లి పేరు కంటే తగినది లేదు. చట్టం కూడా ఉన్నది. 2020లో ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న తినుబండారాలను బడిలోనే గాక బడి గేటు నుండి యాభై మీటర్ల లోపల ఎక్కడా పిల్లలకు అమ్మరాదు. 2021 జూలై నుండి అమలులో ఉన్న నిబంధన అది. మొన్న నేను పాతబడి వైపు వెళ్ళినప్పుడు అడుగులు లెక్కపెట్టాను. యాభై మీటర్లంటే నా నడకకు డెబ్బై అడుగులు. గేటు నుండి బంకు పదకొండు అడుగులు.

బంకు యజమానిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. గుగ్గిళ్ళు ఎందుకు పెట్టవు నాయనా అని అడిగాను. "మిగిలితే ఎవరు తీసుకుంటారు సారూ? ఇవి ఆరు నెలలైనా చెడవు, చెడితే ఏజెంటు వెనక్కి తీసుకుంటాడు" అన్నాడు. పోషణశాస్త్ర గ్రంథాలలో నాకు కనబడని సత్యం ఈ మాటలో ఉన్నది. పొట్లం గెలిచింది రుచి వలన మాత్రమే కాదు. సాయంకాలానికి మిగిలిన సరుకు నష్టాన్ని కంపెనీ మోస్తుంది. గుగ్గిళ్ళ నష్టాన్ని అవ్వ ఒక్కతే మోసేది. ఈ పోటీలో ఆమెను ఓడించింది పిల్లల నాలుక అని చెప్పడం అన్యాయం.

పాతవన్నీ మంచివని నేను వాదించడం లేదు. మసిలి మసిలి నల్లబడిన నూనెలో దేవిన బజ్జీ, పొట్లం కంటే గొప్పది కాదు. బెల్లమూ చక్కెర జాతిదే, అతిగా తింటే అదీ హాని చేస్తుంది. బూజు పట్టిన శనక్కాయ గింజలో విషం పుడుతుంది, ఏరి పారవేయవలసిందే. కాని పట్టణాల వారు మా కొర్రలనూ సజ్జలనూ కనిపెట్టిన తీరు చూస్తే నవ్వు వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ తరువాత అట్ట మీద కొర్ర కంకి బొమ్మ వేసిన బిస్కత్తు ఒకటి మా ఊరికీ వచ్చింది. వెనుక చిన్న అక్షరాలు చదవండి. ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు వ్రాయాలన్నది నియమం. మొదటి పేరు మైదా, ఆ వెంటనే చక్కెర. కొర్ర ఎక్కడో చివర, పెండ్లికి పిలవని చుట్టంలాగా.

"ఈ కాలపు పిల్లలు గుగ్గిళ్ళు తినరండీ" అంటారు. పెట్టి చూశారా? ముప్పై ఏళ్ళుగా వారి ఎదుట గుగ్గిళ్ళ గంప లేదు. లేనిదాన్ని తిరస్కరించారని నేరం మోపడం ఏ న్యాయం?

ఆ సోమవారం బడిలోకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. విరామవేళ వేపచెట్టు కింద పొదుపు సంఘం స్త్రీలెవరికైనా గంప దించుకోవడానికి చోటు ఇవ్వండి. మిగిలిన సరుకును మరునాటి లెక్కలో బడి అభివృద్ధి నిధి నుండి సర్దండి. బంకును డెబ్బై అడుగుల అవతలికి జరపమని పంచాయతీకి వ్రాయండి. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడు నా శిష్యుడే. లేచి నిలబడి నమస్కరించి, కాగితం రెండుసార్లు చదివి, ఇబ్బందిగా చూశాడు.

"బాగుంది గురువుగారూ. కాని శుభ్రత గురించి ఎవరైనా అడిగితే ఏమి చెప్పమంటారు? పాత తీర్మానం ఒకటి రికార్డులో ఉన్నది కదా."

దస్త్రం తెప్పించి చూపించాడు. కాగితం పసుపుబారింది గాని అక్షరాలు చెక్కుచెదరలేదు, దస్తూరి నాదే. వచ్చే సోమవారం నుండి విరామవేళ గంప పక్కన నేను కూర్చుంటానని, మూత వేయడానికి తెల్లగుడ్డ, చేతులు కడిగించడానికి నీళ్ళచెంబు నేను తెస్తానని చెప్పి వచ్చాను. అతడు ఇంకా సరేననలేదు.