బడి అంటే నామోషీ ఎందుకు?

"నాన్నా, నువ్వు నన్స్ దగ్గర పెరిగావా?" అనడిగింది మా అమ్మాయి. నేను కాన్వెంటులో చదివానని స్నేహితులతో గొప్పగా చెబుతుంటే విందట.

నిజమే, కాన్వెంటు అంటే సన్యాసినులుండే మఠం. వాళ్ళు నడిపిన బళ్ళకి ఆ పేరు రావడంలో తప్పులేదు. కానీ మా ఊరి కాన్వెంటులో సన్యాసినులూ లేరు, శిలువా లేదు. రెండు అద్దె గదులు, మెడలో టై, నెలనెలా ఫీజు. ఫీజు కడితే కాన్వెంటు, కట్టలేకపోతే బడి. మన ఊళ్ళలో ఆ మాటకి మిగిలిన అర్థం ఇదే.

మా నాన్న ఇద్దరికీ కట్టలేకపోయాడు. నేను కాన్వెంటుకి, చెల్లెలు బడికి. లెక్కల్లో నాకంటే తనే చురుకు.

ఒకప్పుడు బడికి కట్టడం కూడా అక్కర్లేదు. పంతులుగారి ఇంటి అరుగే వీధిబడి. అక్కడికి అందరినీ రానివ్వలేదన్నదీ నిజమే. అందరికీ తలుపు తీయాల్సింది తర్వాత వచ్చిన సర్కారు బడి. సరిగ్గా అందరూ రావడం మొదలుపెట్టేసరికి, మనం లేచి కాన్వెంటుకి పోయాం!

ఇక మన అమెరికా సంగతి. ఇల్లు కొనేముందు మనం చూసేది స్కూల్ డిస్ట్రిక్టే కదా? మంచి పబ్లిక్ స్కూలుంటే ధర ఎక్కువైనా కొంటాం. పబ్లిక్ స్కూలంటే సర్కారు బడే! ఫీజు లేదు. మన ప్రాపర్టీ టాక్సుతో నడుస్తుంది, తేడావస్తే వెళ్ళి నిలదీస్తాం. అదే నోటితో ఇండియాకి ఫోన్ చేసి, "పిల్లాణ్ణి బడిలో వేశారా? అయ్యో!" అంటాం. 2007లో సిలికానాంధ్ర వాళ్ళు ఇక్కడ తెలుగు తరగతులకి 'మనబడి' అని పేరు పెడితే మాత్రం మురిసిపోయాం.

మాట మారిస్తే కప్పు కారడం ఆగదు, ఒప్పుకుంటాను. బళ్ళు బాగుచేయడానికి ఆంధ్రప్రదేశ్ 2019లో 'మనబడి నాడు-నేడు', తెలంగాణ 2022లో 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టాయి. రెండు పేర్లలోనూ 'మన' ఉంది. ఆ మనలో మనం ఉన్నామా? పేరు చెప్పుకోడానికే సిగ్గుపడేచోట కప్పు కారుతోందో లేదో ఎవడడుగుతాడు?

పోయిన నెల చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడి కాన్వెంటు ఫీజుకి కాస్త సర్దుతావా?" అంది. పంపాను. "బడిలో వెయ్యమ్మా" అనడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట తనతో అనడానికి నాకేం మొహం ఉంది?

మా అమ్మాయిని మాత్రం ఇప్పుడు రోజూ "లే తల్లీ, బడికి టైమైంది" అనే లేపుతున్నాను.