పెరటి కబుర్లు: ఆకు రాలితే చెట్టు చచ్చినట్టు కాదు

పోయిన వారం మన గ్రూపులో డాలస్ దగ్గరుండే ఒక చెల్లెలు రెండు ఫోటోలు పెట్టింది. మొదటిది పోయిన ఆగస్టుది. ఫెన్స్ పక్కన మెస్కీట్ చెట్టు, ఆకంతా రాలి మోడులా ఉంది. రెండోది మొన్నటిది. అదే మోడు మొదట్లోంచి అరడజను కొత్త కొమ్మలు, నిండా ముళ్ళు!

"అక్కా, ఎండల్లో రెండుసార్లు కలుపు మందు కొట్టించాను. చచ్చిందనుకున్నా. మొన్న బాబు కాలికి చెప్పు దాటి ముల్లు దిగింది. ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగింది. ఊరి నుంచి వచ్చిన వాళ్ళ అత్తగారు చెట్టును చూడగానే, "ఇది మన సర్కారు తుమ్మే కదమ్మా" అన్నారట. ఆవిడ మాట దాదాపు నిజమే. రెండూ దగ్గర చుట్టాలు. మన చెరువు గట్ల మీది సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే.

చెల్లీ, తప్పు మందుది కాదు, వేళది.

ఆకుకి కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయని బడిలో చదువుకున్నాం కదా. గాలి లోపలికి వెళ్ళేదీ, నీరు ఆవిరై బయటికి పోయేదీ వాటిలోంచే. నేలలో తడి చాలకపోతే చెట్టు ఆ తలుపులు మూసుకుంటుంది. నీళ్ళు మిగులుతాయి, కానీ గాలి అందక ఆకులో చక్కెర తయారవడం తగ్గిపోతుంది.

మనం కొట్టిన మందు చాలావరకు ఆకు మీది మైనం పొరలోంచి ఇంకుతుంది. అక్కణ్ణుంచి వేరుకి చేరాలంటే మాత్రం, చక్కెర కిందికి దిగే దారే దానికీ దారి. చక్కెర కదలకపోతే మందూ కదలదు, ఆకులోనే ఉండిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. మెస్కీట్‌కి వాడే హార్మోన్ రకం మందులు పడ్డాక చెట్టే తన పత్రరంధ్రాలు మూసేసుకుంటుంది. ఆకు మెలితిరిగి రాలిపోతుంది. మనం 'పీడ పోయింది' అనుకుంటాం. కానీ మెస్కీట్ మొగ్గలు నేల లోపల, కాండం మొదట్లో దాక్కుని ఉంటాయి. అవి చావకపోతే మళ్ళీ చిగురే. గట్టిగా చావాలని మోతాదు పెంచితే, మందు కిందికి దిగకముందే ఆకు మాడిపోతుంది. అంటే మరీ నష్టం.

అందుకే టెక్సాస్ రైతులు చెట్టు వాడిపోయినప్పుడు కాదు, కళకళలాడుతున్నప్పుడు కొడతారు. లేత ఆకు ముదిరి ముదురాకుపచ్చకి తిరగాలి, అడుగు లోతున మట్టి 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి. మామూలుగా అది వసంతం చివర, వేసవి మొదట్లో వస్తుంది.

పెరట్లో ఒకటి రెండు చెట్లే అయితే ఆకుల మీద చల్లే పనే వద్దు. ట్రైక్లోపైర్ మందుని లేబుల్‌లో చెప్పిన నూనెలో కలిపి, కాండం అడుగున ఓ అడుగు ఎత్తు వరకూ చుట్టూ తడిసేలా కొట్టిస్తే చాలు. ఇంటి పెరట్లో వాడొచ్చో లేదో లేబుల్ చూసుకోండి. పిల్లల్ని ఆ దరికి రానివ్వకండి.

చివరిగా ఒక జాగ్రత్త. మెస్కీట్‌ది చిక్కుడు కుటుంబం. పచ్చిక బయళ్ళలో దాని మీద కొట్టే కొన్ని మందులు గడ్డిలో, ఆ గడ్డి తిన్న పశువుల ఎరువులో కూడా మిగిలి ఉంటాయి. కొత్త ఎరువు తెస్తే, ముందు ఓ కుండీలో కలిపి నాలుగు చిక్కుడు గింజలు వేసి చూడండి. ఆకులు ముడుచుకుంటే ఆ ఎరువు మీ టమాటా మడికి వద్దు.

చెల్లెలు ఈసారి జూన్ కోసం కాచుకుని ఉంది. అప్పటిదాకా బాబుకి బూట్లే!