బొమ్మలెల్ల అమ్మవార్లేనా?

మొహంజొదారో త్రవ్వకములలో దొరికిన మట్టి స్త్రీప్రతిమలలో పెక్కింటిని సర్ జాన్ మార్షల్ 1931లో ప్రకటించిన గ్రంథమున మాతృదేవతలని వ్యాఖ్యానించెను. ఆయన ఊహించెను, మనవారు వల్లించుచున్నారు. తరగతిలో పెక్కేండ్లు మేమును అట్లే వల్లింపజేసితిమి గనుక ఈ తప్పులో మాకును పాలు గలదు.

ప్రతిమకు పేరు పెట్టుటకు ముందు దానిని పరీక్షింపవలదా? అది దొరికిన తావు ఇల్లా, వీధియా, పెంటకుప్పయా? చేతితో మలచిరా, అచ్చు పోసిరా? విరిగినచో ఎచ్చట విరిగెను? అసలు స్త్రీపురుష చిహ్నములు గలవా, లేవా? పీటర్ ఉక్కో అను ఆంగ్ల పండితుడు ప్రాచీన ఈజిప్టు, క్రీటు ప్రతిమలను ఈ మార్గముననే శోధించి, అందు కొన్ని ఆటబొమ్మలును, కొన్ని మంత్రతంత్రములకై చేసినవియు కావచ్చునని 1968లో చూపెను. మనవారి వర్గీకరణమో, ఆడురూపమైనచో దేవత, గడ్డమున్నచో పూజారిరాజు!

సంక్రాంతినాడు మన యిండ్లలో తీర్చు బొమ్మలకొలువు చూడుడు. రాముడు నిలిచిన మెట్టుమీదనే తాడిచెట్టెక్కు కొండపల్లి గీతకాడును నిలుచును. నాలుగువేల యేండ్లకు దానిని త్రవ్వితీసినవాడు గీతకాడే ఆంధ్రుల కులదైవమని వ్రాసినచో ఏమనవలెను? అట్లని పెంటలో దొరికిన బొమ్మ పూజ్యము కాదనుటయు తగదు. చవితినాటి మట్టివినాయకుడు పూజానంతరము నీటిపాలగుచునే యున్నాడు.

మార్షల్ మాట యంతయు అసత్యమని మేమనము. కొన్ని ప్రతిమల శిరోభూషణమున కిరువైపుల నున్న గిన్నెలలో పొగమసి కానవచ్చినది. అందు నూనెయో ధూపమో వెలిగించిరనుట పొసగును. అట్టివానిని ఆరాధనకు సంబంధించినవని ఎన్నవచ్చును. కాని ఆ నాగరికతకే చెందిన కాలిబంగన్, లోథల్ పట్టణములలో ఇట్టి స్త్రీప్రతిమలు మిక్కిలి యరుదు. సింధునాగరికత యంతటను ఒక్క తల్లియే పూజలందెనన్నచో ఆ యూళ్లవారు తల్లిలేని బిడ్డలా?

మన నాగార్జునకొండలో దొరికిన నగ్నస్త్రీశిల్పము సంగతి వేఱు. ఇక్ష్వాకురాజగు ఎహువల చాంతమూలుని భార్య ఖండువుల దానిని చేయించెననియు, ఆమె అవిధవ, జీవపుత్ర యనియు దానిపైననే చెక్కబడియున్నది. అచ్చట రాయి మాటాడినది. సింధులిపిని నిస్సంశయముగా చదివినవారు నేటికిని లేరు.

ఇక మాతృదేవతయన్న మాట చెవిని బడగానే, నాడు స్త్రీ యెంత గౌరవమందెనోయని సభలలో పొంగిపోవువారు గలరు. నవరాత్రులు జరుపు ఇంటనే కూతును బడి మాన్పించి పెండ్లి చేయువారిని మేమెఱుగుదుము. గోడమీది దేవిని జూచి వంటింటి స్త్రీ స్థితిని నిర్ణయింప వీలగునా? పాఠ్యపుస్తకములు కూర్చువారిని మేము కోరునది స్వల్పము: బొమ్మక్రింద "మాతృదేవత" అని అచ్చువేయు చోట "స్త్రీప్రతిమ, ప్రయోజనము తేలలేదు" అని వేయుడు.