కుట్లు వేశాక కంటి గాయం ఎవరి బాధ్యత?

ప్రతి దీపావళి మర్నాడు హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి వార్తల్లోకి వస్తుంది. బాణసంచా దెబ్బలతో ఎందరు వచ్చారు, ఎందరికి ఆపరేషన్ చేశారు, ఎందరిని మందులిచ్చి పంపారు అన్న లెక్కలు ఒకటి రెండు రోజులు నడుస్తాయి. ఆ తరువాత ఆ కళ్లు ఏమయ్యాయని ఎవరూ అడగరు. వాటిలో చాలా కళ్ల తలరాత తేలేది మాత్రం ఆ తరువాతే. కంటికి గట్టి దెబ్బ తగిలినప్పుడు మొదటి ఆపరేషన్‌తో వైద్యం మొదలవుతుందంతే. నెలలకో ఏళ్లకో వచ్చిపడే చిక్కులను కనిపెట్టే పనిని మన ఆరోగ్య వ్యవస్థ రోగికే వదిలేసింది. ఆ పనిని ప్రభుత్వం తన మీద వేసుకోవాలని నేను వాదిస్తున్నాను.

దెబ్బ తిన్న కంటికి గండాలు వరసగా వస్తాయి. గుడ్డు చిట్లితే ముందు కుట్లు వేసి మూస్తారు. సూక్ష్మజీవులు అప్పటికే లోపలికి చేరి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే చీము పట్టవచ్చు. బంతో, రాయో తగిలి కంటి ముందు గదిలో రక్తం చేరితే, తగ్గిందనుకున్న తొలి వారంలోనే మళ్లీ రక్తస్రావం జరగవచ్చు, అదీ మొదటిదానికంటే ఎక్కువగా. కొన్ని వారాలు గడిచాక, గాయం మానే క్రమంలోనే లోపల మచ్చ పొరలు పుట్టి రెటీనాను పట్టి లాగుతాయి. అలాంటి కళ్ల మీద ఒకప్పుడు ఆశ వదులుకునేవారు. 1970లో అమెరికాలో రాబర్ట్ మాకెమర్ కంటి లోపలి జెల్లీని తీసే విట్రెక్టమీ శస్త్రచికిత్సకు దారి వేశాక వాటిలో కొన్నిటినైనా నిలబెట్టగలుగుతున్నారు, రోగి వేళకు వస్తే. ఉలి మీద సుత్తె దెబ్బ వేసినప్పుడు ఎగిరిన ఇనుప రవ్వ సంగతి మరీ ఘోరం. చురుక్కుమన్న నొప్పి తగ్గుతుంది, చూపు బాగానే ఉంటుంది, మనిషి మళ్లీ పనిలోకి వెళతాడు. లోపల మిగిలిన ఇనుము నెమ్మదిగా కరిగి రెటీనాను విషంలా తినేస్తుంది. అందుకే సుత్తె పనిలో దెబ్బ తగిలి వచ్చినవాణ్ణి, రవ్వ లోపలికి పోయిందేమోనన్న అనుమానం ఉన్నా సీటీ స్కాన్ తీయకుండా చుక్కల మందు ఇచ్చి పంపడం తప్పు. ఎంఆర్‌ఐ తీస్తే ఇంకా ప్రమాదం, అయస్కాంతానికి ఆ ముక్క లోపలే కదులుతుంది.

అన్నిటికంటే మోసం చేసేది నీటికాసులు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి నల్లగుడ్డు అంచున, లోపలి మూలలో ఉంటుంది. మొద్దు దెబ్బకు ఆ మూల చీలుతుంది. చీలిక మానినా మచ్చ మిగిలి నీరు సరిగా పోదు, కంటి ప్రెజర్ పెరుగుతుంది. కొందరిలో ఇది వారాల్లో మొదలైతే, మరికొందరిలో పదేళ్లో ఇరవై ఏళ్లో దాటాక బయటపడుతుంది. చిన్నప్పుడు బిళ్లంగోడు ఆడుతూ తిన్న దెబ్బను నలభై ఏళ్ల వయసులో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు అంచుల నుంచి కుదించుకుపోతూ వస్తుంది. అలా పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదు. ప్రెజర్ కొలవడానికి పట్టేది కొద్ది నిమిషాలే. వేళకు కనిపెడితే చాలామందికి రోజూ వేసుకునే చుక్కలతోనే అది అదుపులో ఉంటుంది. గాయం తరువాత వాపు తగ్గడానికి రాసే స్టెరాయిడ్ చుక్కలు కూడా కొందరిలో ప్రెజర్ పెంచుతాయి. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే చుక్కలు నెలల తరబడి కొనుక్కునేవారికి ఆ మాట చెప్పేవారుండరు. వరి ఆకు కోసుకుని కంట్లో బూజు పుండు లేచిన రైతుకూలీకి తెలియక అవే చుక్కలు వేస్తే నల్లగుడ్డే కరిగిపోవచ్చు.

చట్టం కూడా గాయాన్ని ఒక్క రోజు ముచ్చటగానే చూస్తోంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఒక కన్ను పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టమనీ, గుడ్డు వికారం కాకుండా చూపు మాత్రమే పోతే 30 శాతమనీ లెక్క కట్టింది. ఆ రెండు లెక్కలూ చిక్కులేవీ లేవనీ, రెండో కన్ను మామూలుగా ఉందనీ అనుకుని కట్టినవే. వికలాంగుల ధ్రువీకరణలో ఒంటికన్ను మనిషికి 30 శాతమే వస్తుంది, ప్రధాన ప్రయోజనాలకేమో 40 శాతం కావాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం ప్యాకేజీ శస్త్రచికిత్సకు డబ్బు కడుతుంది. ఎనిమిదో నెలలో ప్రెజర్ చూపించుకోవడానికి జిల్లా కేంద్రానికి వెళ్లాల్సిన కూలీకి ఆనాటి కూలి, బస్సు చార్జీ ఎవరిస్తారు?

చెప్పినా రోగులు రారని డాక్టర్లు అంటారు. అది నిజమే. కానీ క్షయ రోగులూ ఒకప్పుడు మందులు మధ్యలో మానేసేవారు. వారిని నిర్లక్ష్యపరులని తిట్టి ఊరుకోలేదు. ప్రభుత్వ క్షయ రోగుల జాబితా నిక్షయ్‌లో పేరు నమోదు చేసి, మందులు పూర్తయ్యేదాకా వెంటపడుతున్నారు, పోషణకు నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి 2024లో వెయ్యి చేశారు. రోగి రాకపోవడానికి కారణం చాలాసార్లు ఖర్చు, దూరం, తెలియకపోవడం. ఆ మూడూ ప్రభుత్వం తీర్చగలిగినవే.

ఈ చిక్కుల్లో కొన్ని చాలా అరుదు, వాటి కోసం ఇంత ఏర్పాటెందుకన్నది ఇంకో అభ్యంతరం. అరుదైనవాటిలో భయంకరమైనదాన్నే తీసుకుందాం. ఒక కంటి గుడ్డు చిట్లితే, ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడి రెండో కంటి మీద కూడా దాడి చేయడం వేలల్లో ఏ కొద్దిమందికో జరుగుతుంది. 1809లో ఫ్రాన్స్‌లో పుట్టిన లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో తండ్రి తోలు పని కొట్టులో ఒక కంటిని పొడుచుకుని, అయిదేళ్లకల్లా రెండు కళ్లూ పోగొట్టుకున్నది ఇలాగేనని చాలామంది వైద్యుల అభిప్రాయం. ఇప్పుడు స్టెరాయిడ్లు, రక్షణ వ్యవస్థను అణిచే మందులు ఉన్నాయి. త్వరగా పట్టుకుంటే చూపు దక్కుతుంది. ఎక్కువ కేసులు మొదటి మూడు నెలల్లో, అత్యధికం మొదటి ఏడాదిలో బయటపడతాయి. ఎప్పుడు కాపలా కాయాలో ఇంత తేటగా తెలిసిన జబ్బుకు కాపలా లేకపోవడం క్షమించరానిది. ఇక పిల్లల విషయంలో అరుదన్న మాటే చెల్లదు. ఏడెనిమిదేళ్లలోపు పిల్లలకు దెబ్బ తగిలి శుక్లం వస్తే, దాన్ని తీసినంత మాత్రాన చాలదు. సరైన అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, దెబ్బతిన్న కంటితో చూడటం నేర్పకపోతే మెదడు ఆ కంటిని వాడటం మానేస్తుంది.

డబ్బు లేదు, సిబ్బంది లేరన్న మాట ఒప్పుకోలేను. 2018లో తెలంగాణ, 2019లో ఆంధ్రప్రదేశ్ కంటి వెలుగు పేరుతో ఊరూరా, బడిబడికీ పరీక్షలు జరిపించాయి. ఏరియా ఆసుపత్రుల్లో కంటి సహాయకులున్నారు, ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో దృష్టి కేంద్రాలు నడుపుతోంది. కొన్ని చికిత్సల తరువాత ఏడాది పాటు పరీక్షలు, మందులు ఇచ్చే పద్ధతి ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలో ఎప్పటి నుంచో ఉంది. తీవ్రమైన కంటి గాయాలన్నిటికీ దాన్ని వర్తింపజేసి, గడువును కనీసం అయిదేళ్లకు పెంచాలి. డిశ్చార్జి నాడే పేరు నమోదు కావాలి, రావాల్సిన తేదీలు చీటీ మీద తెలుగులో ఉండాలి, రాని రోగికి ఆశా కార్యకర్త కబురు చేయాలి, దారి ఖర్చు చేతికివ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మీకో మీ ఇంట్లోవాళ్లకో ఎన్నేళ్ల కిందటైనా కంటికి గట్టి దెబ్బ తగిలి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పి ఏడాదికోసారి కంటి ప్రెజర్, రెటీనా పరీక్ష చేయించుకోండి. మెరుపులు కనిపించినా, నల్ల చుక్కలు తేలినా, తెర పడినట్టున్నా, దెబ్బ తగలని కన్ను ఎర్రబడి మసకబారినా మర్నాటిదాకా ఆగకండి.