వృక్షవిశేషము

పోతనామాత్యుని గజేంద్రమోక్షము తెలుగునాట తరతరములుగా పిల్లలు వల్లెవేయుచున్న కథ. ఏనుగు మడుగున దిగుటకు ముందే కవి త్రికూటపర్వతము మీది అడవిని వర్ణించినాడు. ఆ వచనములో చెట్ల పేర్లు వరుసగా దొర్లిపోవును. తరగతిగదిలో ఆ వరుస రాగానే ఉపాధ్యాయుని గొంతు వేగము పుంజుకొనును. సిందువారమనగా నేమి? వృక్షవిశేషము. పిచుమందము? వృక్షవిశేషము. కరవీరము? అదియు వృక్షవిశేషమే. విద్యార్థులు పుస్తకపు అంచున ఆ మాటనే వ్రాసికొందురు. పరీక్షలో దానినే తిరిగి వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట యనగా ఇదియే కాబోలు!

సిందువారమనగా వావిలి. కరవీరము గన్నేరు. పిచుమందము వేప. ఆ వేపచెట్టు అనేక పాఠశాలలలో తరగతిగది కిటికీకి ఎదుటనే నిలిచి యుండును. దాని నీడలో అన్నము తిని, దాని పుల్లతో పండ్లు తోముకొని పెరిగిన పిల్లవాడు దానినే ఎక్కడిదో యెరుగని వృక్షవిశేషముగా నేర్చుకొనుచున్నాడు. ఇది నిఘంటుకారుని దోషము కాదు. ఆయన పుటలో చెట్టును నాటలేడు. పాఠశాల మాత్రము పిల్లవానిని చెట్టు దగ్గరకు నడిపింపగలదు. ఆ నాలుగడుగులు నడిపింపకుండుటయే నేటి చదువులోని పెద్దలోటు. చెట్లనడుమ జరుగు చదువు వినోదము కాదు, విహారయాత్ర కాదు; అది పాఠములో మిగిలిపోయిన సగము.

“కృష్ణాడెల్టాలో అడవి యెక్కడిది? అంతయు వరిమాగాణియే గదా!” అని కొంద రందురు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ సీమ అన్నపూర్ణయైన మాట నిజమే. కాని ఈ మాగాణికి తలాపున నొక అడవియు, పాదములచెంత నొక అడవియు కలవు. తలాపున ఉన్నది కొండపల్లి అడవి. పాదములచెంత, కృష్ణ సముద్రమున కలియుచోట, నాగాయలంక, కోడూరు ప్రాంతములందలి మడ అడవులు. నడుమ తోపులు, చెరువుగట్లు, కాలువగట్లు. ఉత్తరమున కొల్లేరు. పెరటిచెట్టు మందుకు రాదన్నట్లు, ఇంత దగ్గర నున్నందుననే ఇవి పాఠమునకు పనికిరానివైనవి.

కొండపల్లి బొమ్మలు లేని కొలువు తెలుగింట అరుదు. ఆ బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో చేయబడును. ఆ కఱ్ఱ మిక్కిలి తేలిక, మెత్తన. ఉలికి సులభముగా లొంగును. చేతులు, తలలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, ఆరినపిమ్మట రంగులు వేయుదురు. తెల్లపొణికి అరుదగుకొలది బొమ్మలు చేయువారికి కఱ్ఱ దొరకుట కష్టమైనది. ఒక ఉదయము ఆ చెట్టుక్రిందను, ఒక మధ్యాహ్నము బొమ్మలు చేయు అరుగుమీదను గడపిన విద్యార్థికి వృక్షశాస్త్రము, చేతిపని, అర్థశాస్త్రము ఒక్కనాడే తెలియును. చెట్టు పోయినచో పనియు, పనితోపాటు ఉలికీ మక్కుకూ చెందిన మాటలును పోవునని వానికి వేరుగా చెప్పనక్కరలేదు.

మడ అడవి చెప్పు పాఠము ఇంకను గంభీరమైనది. అక్కడ బురదలో గాలి యందదు గనుక మడచెట్టు వేళ్లు క్రిందికి పోక, పెన్సిళ్లవలె పైకి లేచి ఊపిరి పీల్చుకొనును. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టుననే మొలకెత్తి, పిమ్మట బురదలోనికి జారును. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడి సుమారు పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. అట్టి అలను పూర్తిగా ఆపగల శక్తి ఏ చెట్టుకును లేదు. కాని దట్టమైన మడ అడవి అల వేగమును తగ్గించి, ఒడ్డు కోసుకొనిపోకుండ కాపాడును. తాత ముత్తాతలను ఉప్పెనకు పోగొట్టుకొన్న సీమలోని పిల్లలు ఆ వేళ్లను కన్నులార చూడవలదా? వారికి అది కేవలము శాస్త్రపాఠము కాదు, ప్రాణరక్షణ పాఠము.

కొల్లేటియొడ్డున, కైకలూరు దగ్గరి ఆటపాకలో మరియొక దృశ్యము కలదు. అక్కడ గూడబాతులు గూళ్లు కట్టుకొనుటకు చెట్లు చాలక, అటవీశాఖవారు ఇనుపమంచెలు నిలిపినారు. పక్షికి ఇనుపకొమ్మ ఏల వలసివచ్చినది? ఆ ప్రశ్న ఒక్కటి పిల్లవాని నోట వచ్చినచో నాటి ప్రయాణము సార్థకమే.

ఈ విధమైన చదువు పరదేశమునుండి దిగుమతియైన వింత కాదు. 1950 దశకమున డెన్మార్కులో ఎల్లా ఫ్లటావ్ అను నామె పసిపిల్లలను అడవిలోనే ఆడించి పెంచు బడిని నడిపినదని నేడు లోకము చెప్పుకొనుచున్నది. అంతకు అర్ధశతాబ్దము ముందే, 1901లో, రవీంద్రుడు శాంతినికేతనమున చెట్లక్రింద పాఠములు మొదలిడినాడు. తెలుగునేలమీదనే, మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ విద్యాలయమువారు బోడికొండలనడుమ దశాబ్దములపాటు చెట్లు పెంచినారు. ఆ లోయ 1991లో పక్షిరక్షితప్రదేశముగా ప్రకటింపబడినది.

అంతదూర మేల? వినాయకచవితికి ఇరువదియొక్క పత్రులు కోసి తెచ్చుట పిల్లల పనిగానే యుండెడిది. మాచి, వాకుడు, మారేడు, ఉత్తరేణి, రేగు, వావిలి, మద్ది, జమ్మి — ఏ ఆకు ఏ గట్టున దొరకునో పెద్దపిల్లలు చిన్నవారికి చూపెడివారు. పోతన వచనములోని సిందువారము, బదరి, బిల్వము, కరవీరము ఈ పత్రిలోనివే. జిల్లేడుపాలు కంట పడరాదనియు, గన్నేరు నోట పెట్టరాదనియు ఆ నడకలోనే తెలిసెడిది. నేడు పండుగ ముందునాడు బజారులో పత్రి కట్టగా అమ్ముదురు. ఆ కట్టలో ఏయే ఆకులున్నవో కొన్నవాడెరుగడు. తరచుగా అమ్మినవాడును ఎరుగడు.

పెద్దల అభ్యంతరములు లేకపోలేదు. పాములున్నవి, ఎండ యున్నది, ఖర్చు కలదు, అన్నిటికి మించి పరీక్ష యున్నది అందురు. విజయవాడ పోటీపరీక్షల శిక్షణకు పేరుపడిన నగరము. నాలుగుగోడల నడుమ రెండేండ్లు గడపి కృష్ణానదిని వంతెనమీదినుండి తప్ప చూడకయే వెళ్లిపోవు విద్యార్థులు అచ్చట కొదువ లేదు. ఎండకు విరుగుడు ఋతువు నెరిగి వెళ్లుట: కార్తికము మొదలు మాఘమువరకు డెల్టా ఆకాశము చల్లనిది. పాముకు విరుగుడు అడవి తెలిసిన మనిషిని వెంట నుంచుకొనుట. మడ అడవిలో తిల్లచెట్టు పాలు కండ్లకు హాని చేయునని పుస్తకముకంటె అక్కడి జాలరి ముందుగా చెప్పును. ఇక పరీక్షమాట: వావిలికొమ్మను వాసన చూచినవాడు సిందువారమును మరచుట సాధ్యమా?

చట్టములు, విధానములు అనుకూలముగనే యున్నవి. పరిసరవిజ్ఞానము విద్యలో తప్పనిసరి కావలయునని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. ఫలితముగా ఒక పాఠ్యపుస్తకము పెరిగినది. పిల్లలు దానిని గదిలో కూర్చుండి కంఠస్థము చేయుచున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వరకు గల తరగతులలో పుస్తకాలసంచి లేని పదిదినములు ఉండవలయునని, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారియొద్ద పిల్లలు పని నేర్వవలయునని చెప్పినది. ఆ పదిదినములు బస్సుప్రయాణములతోను, ఛాయాచిత్రములతోను ముగిసినచో వనభోజనమునకును, దానికిని భేదముండదు. వనభోజనము మంచిదే, కాని పులిహోర తిని, ఆకు పారవేసి వచ్చినవాడు ఉసిరిచెట్టును చూచినట్లు కాదు.

పాఠశాలకు కావలసినది గొప్ప అరణ్యము కాదు. నడచి పోగల ఒక తోపు, లేదా ఒక చెరువుగట్టు. నెలకొక పూట, ఏడాదిపొడవున, అదే చోటికి పోవలయును. అదే చెట్టు ఆకు రాల్చుటయు, చిగుర్చుటయు, పూచుటయు, దానిమీద వాలు పిట్ట మారుటయు పిల్లలు తమ మాటలతో వ్రాసికొనవలయును. ఊరిలోని గొఱ్ఱెలకాపరి, కల్లుగీత కార్మికుడు, పత్రి కోయు ముసలమ్మ ఆ పూటకు గురువులు కావలయును. ఏలయన వారు చచ్చి పేర్లు మిగులుట లేదు. వారితోనే పేర్లును పోవుచున్నవి. ఈ పనికి ముందు నడువవలసినవాడు శాస్త్రోపాధ్యాయుడు మాత్రమే కాడు, తెలుగు ఉపాధ్యాయుడు కూడ. చెట్టు చచ్చిననాడు శాస్త్రమునకు పోవునది ఒక జాతి. భాషకు పోవునవి పది మాటలు, రెండు సామెతలు, ఒక పద్యమునకు అర్థము.

మొక్కై వంగనిది మానై వంగునా యని పిల్లలకు చెప్పని పంతులు లేడు. ఆ మొక్క యేదో, ఆ మాను యేదో ఒక్కసారి చూపిన పిమ్మటనే ఆ సామెతను చెప్పుట న్యాయము. రాబోవు సోమవారము పాఠములో ఏదైన చెట్టు పేరు వచ్చినచో, ఉపాధ్యాయుడు వృక్షవిశేషమను మాటను ఒక్క దినము వాయిదా వేసి, పిల్లలతో ఆవరణలోనికి నడచినచో చాలును. అచ్చట ఆ చెట్టు లేకపోయినచో మరియు మంచిది: దానిని నాటుట తరువాతి పాఠమగును.