కోరని సరకు
కంప్యూటరు పలుమార్లు ఆగిపోయినంతనే యంత్రము చెడినదని తలచి, మనవారు రిచీ స్ట్రీటునకు పరుగిడుచున్నారు. పెక్కుమారులు దోషము యంత్రమునది కాదు. కొనునాటికే అందు చేర్చబడి, తెరచాటున నడచుచుండు అనవసరపు సాఫ్ట్‌వేరుది. 2015లో బయల్పడిన లెనోవో ల్యాప్‌టాప్‌లలోని సూపర్‌ఫిష్ కొన్నవారి భద్రతకే ముప్పయ్యెను.

కావున ముందుగా పిల్లల పాఠములకు నకలు తీసికొని, యంత్రమును సేఫ్ మోడ్‌లో నడిపి చూడవలెను. అందు నిలకడగా నడచినచో, స్టార్టప్ జాబితాలోని ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా ఆపి, దోషిని గుర్తించి తొలగింపవలెను. గడువు తీరిన యాంటీవైరస్ ఉండగా మరియొకటి చేర్చినచో రెండును కలహించును.

అక్కరలేనిదానిని అంటగట్టుట వర్తకధర్మము కాదు. అట్టి సరకు లేని యంత్రమునే ఇమ్మని కొనునాడే గట్టిగా అడుగుదము.